టాటానగర్ అప్పడాలు

లారీ, పోస్టు, రైల్వే పార్సిలు ధరలన్నీ వాకబు చేసి, కుసుమకుమారి ఆ పొద్దున్నే తన అప్పడాలను రైల్వే పార్సిలులో టాటానగర్ కొట్టుకు పంపేసింది. అన్నిటికన్నా అదే చవక.

అంతలో, ఇన్నాళ్లూ వాటిని రైల్లో మోసుకెళ్లిన కూలీ దేముడు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఇక నీకు మోత తప్పింది, దేముడూ! పార్సిలులో వేసేశాను" అంది సంబరంగా.

అతని ముఖం వాడిపోయింది. "వచ్చేపాలికి కూలొద్దమ్మా. ఊరికినే అట్టుకెల్తాను."

"ఊరికే ఎందుకయ్యా ఆ బరువు?"

"మా గుంట అత్తోరిల్లు ఆ కొట్టు పక్కనే గదమ్మా. పనేటీ నేకుండా ఆడపిల్లింటికి మాటిమాటికీ ఏటని ఎల్తాను? నెత్తి మీద బుట్టుంటే, మంచినీల్లకి ఆగినానంటాను."

కుసుమకుమారి అతని కళ్లలోకి చూడలేకపోయింది. లోపలికి వెళ్లి, ఖాళీ బుట్టకు గుడ్డ కట్టి తెచ్చి అతని నెత్తికెత్తింది.