స్పామ్‌లో పదకొండు మెయిల్స్

"ఆ గేటు దాటినావంటే కాళ్లిరగ్గొడతా!"

గిరిబాబు అరుపుకి ఆ మనిషి బయటే ఆగిపోయాడు. నలభై ఏళ్లుంటాయి. నలిగిన చొక్కా, చంకలో ఓ ఫైలు. కోట ఊళ్లో బస్సు దిగి రొయ్యల గుంటల దాకా ఎర్రటి ఎండలో నడిచొచ్చినట్టున్నాడు.

"సార్, రేపు గుంటలో సీడ్ వదలొద్దు. ఆ రొయ్య పిల్లల్లో వైట్ స్పాట్ రోగం ఉండాది. మీ సంఘానికి పది మెయిల్స్ పెట్టినా."

గిరిబాబుకి ఒళ్లు మండింది. ఇలాంటి వాళ్లను ఎంతమందిని చూళ్లేదు! రొయ్య పిల్లల్ని అమ్మే ఒక హేచరీ సీడ్ మీద పుకారు పుట్టించి, ఇంకో హేచరీ సీడ్ అంటగట్టడమే వాళ్ల పని.

"ఒక్కటీ రాలేదే?"

"స్పామ్‌లో పడుంటాయి సార్. నాది పాత కంప్యూటర్, పాత సాఫ్ట్‌వేర్. ఏ సాఫ్ట్‌వేర్‌తో పంపినామో మెయిల్ హెడర్‌లో ఉంటాది గదా. ఆ పేరు చూసి మీ మెయిల్‌బాక్స్ తోసేస్తా ఉండాదేమో."

"నాకే పాఠం చెప్తావా? ఆ రూల్ పెట్టిందే నేను!"

నిజమే. రొయ్య రైతుల సంఘం మెయిల్‌బాక్స్ చూసేది గిరిబాబే. మేత ఏజెంట్లు, మందుల ఏజెంట్లు రోజూ మెయిల్స్ కుమ్మరించేవాళ్లు. అన్నీ ఒకే పాత ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చేవి. హెడర్‌లో ఆ పేరు కనబడితే చాలు, నేరుగా స్పామ్‌లోకి పోయేలా చేశాడు. సంఘమంతా మెచ్చుకుంది. ఆ గొప్ప ఇంకా దిగలేదు.

ఆ మనిషి ఫైలు విప్పబోయాడు.

"కాగితాలు ఎవడైనా కొట్టించుకొస్తాడు!"

పక్క గుంట చెంచయ్య నసిగాడు. "ఒకసారి ఆ స్పామేందో చూడరాదా గిరీ? పోయేదేముండాది?"

"నన్ను నమ్ముతావా, ఈ బ్రోకర్ని నమ్ముతావా మామా?"

చెంచయ్య తన గుంట వైపు తిరిగాడు.

"నేను బ్రోకర్ని కాదు సార్. నేను..."

"ఇంకొక్క మాటంటే కుక్కల్ని వదుల్తా. పో!"

ఆ మనిషి బోరు వైపు ఆశగా చూశాడు. గిరిబాబు నీళ్లు కూడా తాగనివ్వలేదు.

మర్నాడు గిరిబాబు, చెంచయ్య ఇద్దరూ ఆ సీడే వదిలారు.

ఇరవయ్యో రోజు రొయ్యలు గట్టు పక్కకు తేలాయి. పెంకుల మీద తెల్లమచ్చలు. ఇంకో రెండు రోజులకి రెండు గుంటల్లోనూ బతికున్న రొయ్య లేదు.

చెంచయ్య గట్టు మీద కూర్చుని నీళ్ల వంకే చూస్తున్నాడు. గిరిబాబుని తిట్టినా బావుండేది.

గిరిబాబు ఫోన్ తీసి స్పామ్ తెరిచాడు.

పదకొండు మెయిల్స్. పదింటిలో ఒకటే ల్యాబ్ రిపోర్టు, ఆ సీడ్‌లో వైట్ స్పాట్ ఉందని. పదకొండోది, అతన్ని తరిమేసిన సాయంత్రమే వచ్చింది.

"గిరిబాబు సార్, మీ కోపంలో తప్పు లేదు. కానీ రేపు సీడ్ మాత్రం వదలొద్దు. నా పేరు హెబ్రోను. మీకు ఆ సీడ్ అమ్మిన హేచరీలోనే ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసినా. ఆ సీడ్ రిపోర్టు మార్చి రాయనన్నందుకే పోయిన వారం నన్ను ఉద్యోగంలోంచి తీసేసినారు."