కిష్టవ్వ రిపోర్టు

లింగమూర్తి మూత్రం డబ్బాను మూడు కవర్లలో చుట్టి, పైన పేపరు కూడా చుట్టాడు. సిద్దిపేటలో పాతికేళ్లుగా ఇనుప సామాన్ల దుకాణం నడుపుతున్న మనిషి దాన్ని పట్టుకొని బజారులో కనబడితే ఇజ్జత్ ఏం కావాలని అతని బాధ.

అతనికి తొమ్మిదేళ్లుగా షుగరు. భార్య కిష్టవ్వకు రెండేళ్లుగా. కిడ్నీలు చెడటం మొదలైతే ముందు మూత్రంలోనే తెలుస్తుందని, వాపులు వచ్చేదాకా ఆగొద్దని డాక్టర్ సఫూరా ఏడాదిగా చెబుతోంది. కాళ్లు వాయలేదు కదా, పరీక్ష దేనికని అతను దాటేస్తూ వచ్చాడు. చివరికి కిష్టవ్వ తానూ ఇస్తానంటే ఒప్పుకున్నాడు.

రిపోర్టులకు మాత్రం పోలేదు. దుకాణంలో గిరాకీ ఉందన్నాడు. కిష్టవ్వే వెళ్లి వచ్చి గడప మీద కూలబడింది.

“నీది మంచిగనే ఉందట. నా మూత్రంల ప్రోటీన్ పోతుందట. ఇప్పుడే జాగ్రత్త పడితే కిడ్నీలు దక్కుతయన్నది డాక్టరమ్మ.”

లింగమూర్తి ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడే ఆవకాయ జాడీని తీసుకెళ్లి చెల్లెలింట్లో ఇచ్చేశాడు. ఉప్పు డబ్బాను తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె చప్పిడి కూర తింటుంటే తానొక్కడే కారాలు తినలేక అదే తిన్నాడు. దుకాణం పక్కనున్న మిర్చి బజ్జీల బండి కనబడకుండా కుర్చీ తిప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద ఆమెను నడిపించేవాడు. కాసేపు కూర్చుందామని ఆమె అంటే, తాను రొప్పుతూనే వద్దనేవాడు. డాక్టరమ్మ ఇద్దరి గోళీలూ మార్చిందని కిష్టవ్వ చెప్పింది. ఆమె ఎక్కడ మరిచిపోతుందోనని ముందు తాను మింగి చూపించేవాడు. అంతకుముందు వారానికి నాలుగు రోజులు గోళీలే గుర్తుండని మనిషి.

మూడు నెలలకు మళ్లీ పరీక్షలు చేయించారు. ఈసారి అందరికన్నా ముందే వెళ్లి డాక్టరు గది బయట కూర్చున్నాడు. సఫూరా ఇద్దరినీ లోపలికి పిలిచి, ప్రోటీన్ పోవడం బాగా తగ్గిందని చెప్పింది. లింగమూర్తి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ వెంటనే ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

“నేను దగ్గరుండి చూసుకున్న గనుక సరిపోయింది మేడం. లేకుంటే ఈమె చెప్తె వినే మనిషా?”

కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సఫూరా నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఆ రిపోర్టు మొదటినుంచీ మీదే.”