వారధి మీద ఆజ్ఞ

బూర్గంపాడులో జయరాజ్ ఆటో స్టార్ట్ చేయగానే సవరమ్మ వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

“దిగమ్మా. నీ కాళ్లు మొక్కుత,” అన్నాడు జయరాజ్.

ఆమె దిగలేదు. కొన్నాళ్లుగా ఇదే వరస. భద్రాచలం పోయే ప్రతి ట్రిప్పులోనూ ఎక్కుతుంది. ఆటో గోదావరి వారధి మీదికి రాగానే, పక్కన ఎంతమంది ఉన్నా సరే, గొంతెత్తి ఒకటే మాట అంటుంది.

“మనిషిని చంపొద్దన్నడు దేవుడు.”

అంతే. ఇంకో మాట ఉండదు.

ఆ మాటకు జయరాజ్ బండి వేగం పెంచేవాడు. అద్దంలో అతని ముఖం పాలిపోవడం చూస్తే సవరమ్మ కడుపులో మంట కాస్త చల్లారేది.

వానాకాలం మొదట్లో మహిమ శవం గోదావరిలో తేలింది. రేవులో బట్టలు ఉతుకుతూ కాలుజారి పడిందని ఆమె మొగుడు జయరాజ్ చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు. చూసినవాళ్లు లేరు. కేసు మూతపడింది.

సవరమ్మ నమ్మలేదు. మహిమకు నీళ్లంటే హడల్. రేవు ఛాయలకే పోయేది కాదు. బట్టలన్నీ బోరింగు దగ్గరే ఉతుక్కునేది. జయరాజ్ తాగి కొట్టినప్పుడల్లా ఆ పిల్ల వీపుకు కాపడం పెట్టింది సవరమ్మే.

సమాధి మీద మట్టి వేస్తూనే అనుకుంది, వాణ్ణి వదలనని.

ఊరి చర్చి ఫాదర్ ఆంథోని చెప్పి చూశాడు. “పగ పట్టడం కూడా పాపమే సవరమ్మా. తీర్పు దేవునికి వదిలెయ్.”

“నా పాపం నేను మోస్త ఫాదర్. వాని పాపం వాన్ని మొయ్యమనుండ్రి.”

ఆమె కూర్చున్న ఆటో ఎక్కడానికి జనం జంకారు. జయరాజ్ ఖాళీ బండి నడిపాడు. తాగుడు పెరిగింది, తిండి తగ్గింది. చొక్కా వేలాడేంతగా చిక్కిపోయాడు. సవరమ్మకు జాలి కలగలేదు.

ఆ రోజు వారధి మధ్యలో, ఆమె నోరు తెరిచేలోపే ఆటో ఆగింది. జయరాజ్ దిగి రోడ్డు మీద మోకాళ్లు ఆనించాడు.

“అనకమ్మా... ఇగ ఆ మాట అనకు. నేనే నూకేసిన. మహిమ ఎదురు మాట్లాడిందని రేవుకు గుంజుకపోయి నీళ్లల్లకు నూకేసిన.”

వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. సవరమ్మ కంట్లో తడి లేదు.

“లే. బండి తిప్పు.”

చర్చిలో ఫాదర్ కాళ్ల మీద పడి జయరాజ్ వెక్కివెక్కి ఏడ్చాడు. ఫాదర్ కరిగిపోయాడు. “ఆజ్ఞ పాపాన్ని చూపించింది సవరమ్మా. దాన్ని కడిగేది దేవుని కృపే. ఇక నువ్వూ క్షమించు.”

“కృప దేవునిది, ఆయన ఇచ్చుకోనీ. ఆజ్ఞ తప్పినోడు సర్కారు ముందట గూడ నిలబడాలె,” అంటూ జయరాజ్ రెక్క పట్టుకుని లేపింది.

పోలీస్ స్టేషన్లో అతను అంతా చెప్పాడు. కానిస్టేబుల్ బేడీలు వేస్తుంటే సవరమ్మ రెప్ప వేయకుండా చూసింది. కొత్తగా వచ్చిన ఎస్సై ఆమెకు కుర్చీ చూపించాడు.

“మొత్తానికి పగ తీర్చుకున్నవ్. కూతురి కోసం గింత పట్టుబట్టిన తల్లిని నేనెక్కడా చూడలేదమ్మా.”

“మహిమ నా కోడలు సారూ, నేను కన్నది వీన్నే,” అంది సవరమ్మ.