మూతి, చెయ్యి, మాట

"మగాడివి, మా ఇంటి సంగతి నీకెందుకయ్యా? అక్కడ ఆడమనిషెవరూ లేరా?"

అంబులెన్సు ఆఫీసులో ఫోనెత్తిన ఆపరేటరు బిక్కచచ్చిపోయాడు. గుండెపోట్లూ కాన్పులూ రోజూ చెవిన పడే మనిషే. మొహం మీదే ఇలా తలుపేసినవాళ్లు మాత్రం లేరు. మారు మాట్లాడకుండా లైను పక్క సీటుకి తోసేశాడు.

పక్క సీటు అమ్మాయి మితభాషి. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని ఆమె భయమని ఆఫీసులో హాస్యం.

"చెప్పండమ్మా."

అవతల గొంతు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గండి పడ్డ చెరువైంది.

"మా ఆయన మూతి ఓ పక్కకి లాగేసిందమ్మా. మూతే కదా అని పళ్ల డాక్టరుకి చేశాను. రేపు పొద్దున రమ్మన్నాడు. ఈలోగా కుడి చెయ్యి వేలాడేశాడు. చెయ్యే కదా అని ఎముకలకి కట్లు కట్టే ఆయనకి చేశాను. నూనె కాచి ఉంచు, వస్తున్నానన్నాడు. అంతలో మాట ముద్దయిపోయింది. అచ్చం తాగినవాడి మాటే. అందులో అనుభవం ఉన్నవాడు గదా అని ఈయన స్నేహితుడికి చేశాను. నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించమన్నాడు."

"కుమ్మరించారా?"

"బిందె నిండుతోంది."

"కొళాయి కట్టెయ్యండి. నూనె కింద మంట కూడా."

చెబుతూనే అమ్మాయి వేళ్లు టకటకా బండిని పురమాయించేశాయి.

"ఇల్లెక్కడో చెప్పనా?" అంది పెద్దావిడ.

"అక్కర్లేదమ్మా. బండి బయల్దేరింది."

ఈ కాలం యంత్రాలు మనం నోరు తెరవకముందే మన గుట్టు లాగేస్తాయంటారు.

"ఆయన ఆఖరిసారి మామూలుగా ఉన్నదెప్పుడు? డాక్టర్లు ముందు అదే అడుగుతారు."

"మధ్యాహ్నం వార్తలు మొదలైనప్పుడు నిక్షేపంలా ఉన్నాడు. వార్తలు చదివే పిల్లని తిట్టాడు కూడాను. వాతావరణం దగ్గరికొచ్చేసరికి తిట్లు మెత్తబడ్డాయి. ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని మురిసిపోయాను."

"ఆయన్ని ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మాత్రలూ నీళ్లూ ఏవీ పట్టకండి. మింగలేక పొలమారితే ప్రమాదం."

"గొంతు తడుపుకోడానికి చుక్కైనా?"

"చుక్క కూడా వద్దు. చూడండమ్మా, పన్ను నొప్పెడితే పళ్ల డాక్టరు. అది రేపటిదాకా ఆగుతుంది. మూతీ, చెయ్యీ, మాటా, ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నట్టుండి తేడా చేసినా అది మెదడు సంగతి. అది ఆగదు. ముందు అంబులెన్సుకే చెయ్యాలి. నొప్పి లేదు గదా అని ఊరుకోకూడదు."

"ఎంత విడమరిచి చెబుతున్నావమ్మా! నీ కడుపు చల్లగుండ. మా ఇంట్లోనూ ఉంది ఓ కోడలు. నాతో మాటే లేదు."

"మీరు పలకరించారా?"

ఆపరేటర్లకి నేర్పిన ప్రశ్నల్లో ఇది లేదు. అవతల బిందె పక్కకి జరిపిన చప్పుడైంది.

"నేనెందుకు పలకరిస్తాను? పోయిన వానల్లో బట్టలారేసే తీగ దగ్గర మాటా మాటా వచ్చింది. నా బట్టలు ఓ మూలకి జరిపి తన దుప్పటి పరిచింది. అప్పట్నించీ మా మధ్య టపా మోసేది ఈయనే. 'వానొచ్చేట్టుంది, అమ్మాయిని గొడుగు తీసుకెళ్లమనండి' అంటాను. ఈయన వంటింట్లోంచి గదిలోకెళ్లి చెబుతాడు. 'సరేనని చెప్పండి' అంటుందది. నాకు వినబడుతూనే ఉంటుంది. అయినా ఈయన తిరిగొచ్చి చెప్పిందాకా నేను విన్నట్టు కాదు."

"ఆయన విసుక్కోరా?"

"ఎందుకు విసుక్కుంటాడు! దారిలో సొంత సరుకు కూడా కలుపుతాడు. నేను 'గొడుగు' అంటే ఈయన 'మా బంగారుతల్లీ, గొడుగు' అని చేరేస్తాడు. ఆ 'బంగారుతల్లి' నా నోటి మాట కాదని దానికీ తెలుసు."

తెర మీద బండి కదులుతోంది. అమ్మాయి అదే చూస్తోంది.

పెద్దావిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడీయన నోరు పడిపోతే మా ఇంట్లో మాటలెట్లా సాగుతాయమ్మా?"

"పడిపోదు. బండి మలుపు తిరిగింది. తలుపు బార్లా తీసిపెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చోండి. ఎడమ చెయ్యి పట్టుకోండి."

"పట్టుకున్నాను. గట్టిగా నొక్కుతున్నాడు. బతికున్నాడు, ముసలాడు."

అంబులెన్సు కూత వినబడింది. బూట్ల చప్పుడు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు. "వేళకే పిలిచారమ్మా, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది. పెద్దాస్పత్రికి తీసుకెళ్తున్నాం" అని ఎవరిదో గొంతు.

అమ్మాయి అప్పుడు మంచినీళ్ల సీసా అందుకుంది. మూత ఎంత తిప్పినా రాలేదు. పక్క సీటు ఆపరేటరు తీసిచ్చాడు.

"ఇంక ఫోను పెట్టెయ్యొచ్చమ్మా," అంది.

"పెట్టేస్తాలే," అంది పెద్దావిడ. "నువ్వు డ్యూటీ దిగి తిన్నగా పెద్దాస్పత్రికి వచ్చెయ్ కోడలా, మీ మామగారితో కబురు చేద్దామంటే ఆయనకి మాట రావట్లేదు."