భావితరం లాస్యమ్మ

లాస్యమ్మ ఉయ్యాలలో ఉన్నప్పుడే సర్కారువారు ఆవిణ్ని భావితరంగా ఎంచారు. మంచినీటి చట్టం రాబోయే తరాల కోసమన్నారు కాబట్టి చూపించడానికి ఒక పిల్ల కావలసివచ్చింది, చీటీ తీస్తే ఈవిడ పేరు పడింది. అప్పట్నుంచి ఏటా శాసనసభ కూడే ముందు కారు పంపి, మొక్కకు నీళ్లు పోయించి ఫోటో తీస్తారు. ఇప్పుడావిడకు డెబ్బై రెండేళ్లు. చట్టం ముందుకే వెళుతోందట, నత్త కూడా ముందుకే వెళుతుంది.

ఈ ఏడు మనవరాలు నైనికను వెంటబెట్టుకెళ్లింది. ఊరి బోరునీళ్లు తాగి ఆ పిల్ల మొహం, కాళ్లు వాచిపోయాయి.

“బాబూ, నాకేటొద్దు. ఈ పిల్లకి మంచినీళ్లిప్పించండి, సాలు.”

ఆఫీసరు పాపం కాగితాలన్నీ తిరగేశాడు. “చట్టం రాబోయే తరానికమ్మా. ఈ పాప వచ్చేసింది కదా.”

“మరి నానో?”

“మీరు ఫోటోకమ్మా.”

మొక్క దగ్గర నిలబెట్టి, చేతికి శుద్ధిచేసిన నీళ్ల చెంబు ఇచ్చారు. నైనిక నోరు తెరిచింది. లాస్యమ్మ చెంబు అటు వంచబోయింది.

“అవి మొక్కకమ్మా,” అన్నాడు ఫోటో తీసే అతను. “పాపను పక్కకు జరపండి.”

లాస్యమ్మ మోచేత్తో పిల్లను జరిపి, నీళ్లు మొక్క మొదట్లో పోసింది. కెమెరా కేసి తిరిగేసరికి, ఏళ్ల తరబడి అలవాటు కదా, ఆమె మొహం దానంతటదే నవ్వేసింది.