జడ్జిగారి మైకు

పక్క సీటావిడ ఏడవడం జడ్జికి నచ్చలేదు.

అతను కోర్టులో జడ్జి కాదు. సినిమా చూసి బయటికొచ్చి, ఫోను ముందు నిలబడి తీర్పులు చెబుతాడు కాబట్టి చూసేవాళ్ళు తగిలించిన పేరది. ఇంట్లో తాగిన గ్లాసు కడగడు గానీ సినిమా తీసినవాళ్ళని మాత్రం శుభ్రంగా కడిగేస్తాడని వాళ్ళక్క అంటుంది.

ఆ రోజు వచ్చింది అల్లాటప్పా సినిమా కాదు. చిన్నప్పుడు టీవీలో ప్రాణంగా చూసిన 'తుఫాను పిల్లాడు' యానిమే బొమ్మల సీరియల్‌ని ఇప్పుడు నిజం మనుషులతో తీశారు. బొమ్మల్లో పిల్లాడి జుట్టు గాలికి మంటలా లేచేది. సినిమాలో కుర్రాడికి విగ్గు పెట్టారు. పడవ మునిగింది, కొండ విరిగింది, విగ్గు మాత్రం చెక్కుచెదరలేదు.

అలాంటి సినిమాకి ఏడుపేమిటి?

"కంట్లో నలకా, కథలో నలకా మేడమ్?" అని చీకట్లోనే అడిగాడు.

ఆవిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

ఆట వదిలాక హాలు మెట్ల మీద అభిమానులు గుమిగూడారు. అక్క ఫోను పట్టుకుంది. జడ్జి మైకు అందుకున్నాడు.

"విగ్గుని క్షమిస్తాను. గొంతుని క్షమించను. ఆ కుర్రాడు మాట్లాడుతుంటే కరెంటు బిల్లు చదువుతున్నట్టుంది. తుఫాను పిల్లాడంటే జుట్టు కాదు, గొంతు."

తర్వాత చెప్పిన మాటల్లో వేళాకోళం లేదు.

"చిన్నప్పుడు నాకు నత్తి. క్లాసులో నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. టీవీ ముందు కూర్చుని, తుఫాను పిల్లాడితో పాటు ఒక్కో మాటా పలుకుతూ మాట నేర్చుకున్నాను. మన భాషలో ఆ గొంతు ఇచ్చినాయన పేరు టీవీవాళ్ళు వెయ్యలేదు. ఏళ్ళుగా వెతుకుతున్నాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఎదురుగా కూర్చుని ఒక్కసారి వింటే చాలు నాకు."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఎన్నిసార్లు విన్నా ఆమెకి అక్కడ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

గుంపులోంచి దారి చేసుకుంటూ పక్క సీటావిడ ముందుకొచ్చింది.

"అదిగో, ఏడ్చినావిడ," అన్నాడు జడ్జి హుషారుగా. "రండి మేడమ్. సినిమా ఎలా ఉందో సెలవియ్యండి."

చాలాకాలానికి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు ఆవిడ మైకుని చూసింది.

"బా... గుంది బాబూ."

తుప్పు పట్టిన గేటు తీసినట్టు వచ్చిందా మాట. సగం గాలి, సగం గరగర.

"ఆ పిల్లాడు... కష్టపడ్డాడు. నేను... నీతో ఒక..."

జడ్జి మైకుని రెండుసార్లు తట్టాడు. "మైకు బాగానే ఉందే. తేడా ఇటు లేదు."

మెట్లన్నీ నవ్వాయి.

"ఇంట్లో మిక్సీ గానీ మింగేశారా మేడమ్?"

"ఒరేయ్," అంది అక్క. అంది గానీ ఫోను దించలేదు.

"అన్నా, ఈవిడకి విలన్ వేషం ఇప్పించు," అన్నారెవరో.

"వేషం ఎందుకు? తీరంలో నిలబెట్టి మాట్లాడిస్తే తుఫానే వెనక్కి పోతుంది."

ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి గాలే వచ్చింది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ కాస్త నవ్వింది. ఫోను వైపు చెయ్యి చూపించి, "అది... వెయ్యకు బాబూ," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"వెయ్యక, దాచుకుంటానా?"

వేశాడు.

జనం సినిమాని మర్చిపోయారు, విగ్గుని మర్చిపోయారు. ఆవిడ అన్న 'బాగుంది' ఒక్కటి కోసుకుని కప్పల వీడియోలకి పెట్టారు, కిర్రుమనే తలుపులకి పెట్టారు, స్టార్టవని స్కూటర్లకి పెట్టారు. జడ్జి అన్నిటినీ చూసి, బాగా వచ్చినవాటిని తన పేజీలో మళ్ళీ వేశాడు.

"తీసెయ్‌రా. పెద్దావిడ అడిగింది కూడా," అంది అక్క.

"సరదాకి వేశానక్కా. అసలావిడ ఎవరో కూడా మనకి తెలీదు."

"తెలిస్తే తీసేవాడివా?"

జడ్జి దానికీ నవ్వాడు.

ఆ వీడియో తిరగని ఊరు లేదు. ఏళ్ళ తరబడి దొరకని మనిషి ఆచూకీ దాని పుణ్యమానే దొరికింది. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. అప్పట్లో తుఫాను పిల్లాడికి మన భాషలో మాటలు రికార్డు చేసిన సౌండ్ ఇంజనీరు.

"ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు," అన్నాడాయన.

జడ్జి కుర్చీలోంచి లేచిపోయాడు. "ఉన్నారా సార్ ఆయన?"

"ఆయన కాదు, ఆవిడ. చిన్నపిల్లల పాత్రలకి మా స్టూడియోలో ఎప్పుడూ ఆడవాళ్ళే చెప్పేవారు. మగపిల్లాణ్ణి పెడితే కథ సగంలో ఉండగానే గొంతు మారిపోతుంది."

ఇన్నేళ్ళూ మగవాళ్ళని వెతికాడు. తన తెలివికి తనే నవ్వుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, దొరికారు," అని వంటింటి వైపు చూసి కేకేశాడు.

"ఒక్కసారి కలపండి సార్. ఆవిడ ఏం అడిగినా చేస్తాను."

"గొంతుకి ఆపరేషనయ్యాక ఆవిడ మనుషుల్లోకి రావడం మానేశారు. మీ వీడియోలు నేనే చూపించాను. 'నీ కోసం ఎంత తపించిపోతున్నాడో చూడు, వెళ్ళి కనబడు' అని పోరి పోరి బయల్దేరదీశాను."

"ఆవిడకి శ్రమెందుకు సార్, నేనే వస్తాను. అడ్రసు చెప్పండి."



"ఆవిడ వచ్చి వెళ్ళారు బాబూ," అన్నాడు ఇంజనీరు. "ఆ రోజు హాలు మెట్ల మీద ఆవిడ నోటి దగ్గర మైకు పెట్టింది మీరేగా."