వంక గట్టు దారి

చెన్నమ్మ పాలక్యాను గడపలోనే వదిలేసి మంచం దగ్గరికి పోయింది. దుప్పటి మెడదాకా కప్పుకుని పుల్లన్న రొప్పుతున్నాడు. నుదుటి నిండా చెమట.

“మల్లా ఆయాసం వచ్చిందా?”

“ఊఁ.”

“డాక్టర్ని పిలిపిద్దునా?”

“వద్దు. నీళ్లియ్యి.”

మనిషి వాకిలి దాటి ఎన్నాళ్లయిందో.

ఉగాది ముందర మంచంలో ఉన్నది ఆమే. జారిపడితే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు. చెయ్యి అతుక్కుంది గానీ, మళ్లీ పడితే ఏం విరుగుతుందోనని ఆమె మంచం దిగలేదు. రాప్తాడులో దివాకర్ డాక్టరు నచ్చజెప్పి చూశాడు.

“ఎముకంటే ఎండుకట్టె కాదమ్మా. లోపల వెంట్రుక కన్నా సన్నని కాలవలుంటాయి. వాటిల్లో నీరు కదిలితేనే ఎముకకు తిండి. అడుగేసి బరువు మోపితేనే ఆ నీరు కదిలేది. ఉత్త మాత్రలతో కాదు, నడవాల.”

“బోర్లే ఎండిపోయినాయి, నా ఎముకల్లో యాడుంటాయి సామీ నీళ్లు?”

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. “నడిస్తే పడతా. పడితే పోతా.”

ఆమెను ఆటోలో కూర్చోబెట్టి పుల్లన్న మళ్లీ లోపలికి పోయాడు. ఎంతకీ రాలేదు. కిటికీలోంచి డాక్టరు మాట వినబడింది.

“ఆమెకు మాత్రం చెప్పొద్దు పుల్లన్నా. తెలిసిందంటే ఇంక మంచం దిగదు.”

మర్నాడు పుల్లన్న మంచం పట్టాడు. ఆయాసమన్నాడు, అంతే. అసలే మాట తక్కువ మనిషి. ఏదో పెద్ద జబ్బే తన దగ్గర దాస్తున్నారనుకుంది చెన్నమ్మ.

బర్రె పాలు కేంద్రానికి పోయకుంటే ఇల్లు గడవదు. కట్టె పట్టుకుని లేచింది.

చేన్లకు అడ్డంబడితే దారి దగ్గరే, కానీ చేనుకూ చేనుకూ నడుమ గెనాలు ఎక్కి దిగాలి. ఆ ధైర్యం లేక వంక గట్టు వెంబడి చుట్టూ తిరిగిపోయేది. వానల్లేక ఊరంతా ఎండినా ఆ గట్టున మాత్రం ఉత్తరేణి మోకాలెత్తు పెరిగింది. ఇంటికొచ్చి చీర అంచుకు పట్టిన ముళ్లు ఏరుకుంటూ మొగుణ్ణి తిట్టేది.

“నువ్వు బాగుంటే నాకీ గతి పట్టునా?”

పుల్లన్న గోడవైపు తిరిగేవాడు.

గట్టు మీద ఇంకో భయం. వెనక పొదల్లో గలగలమనేది. తిరిగి చూస్తే ఏమీ ఉండేది కాదు. ఒకనాడు పాలకేంద్రంలో పాలు కొలిచే ఆంజినమ్మతో చెప్పింది.

“ఎలుగ్గొడ్డేమో వదినా. మొన్న గుట్ట దిగిందంట. అయినా నీ కట్టె యాడ? పడుచుపిల్ల మాదిరి బిరబిరా నడుస్తాండావే!”

చెన్నమ్మ చెయ్యి చూసుకుంది. కట్టె తేవడమే మరిచింది.

“కట్టెదేముందిలే. ఇంటికాడ ఆయనొక్కడే ఉండాడు.”

తిరుగుదారిలో పొదల్లో దబ్బుమని చప్పుడు. చెన్నమ్మ పరుగెత్తింది. ఎలుగు తనను పట్టుకుంటే ఆయనకు నీళ్లిచ్చే దిక్కేదని ఏడుస్తూ పరుగెత్తింది.

ఇంట్లో పుల్లన్న ఎన్నడూ లేనంతగా రొప్పుతున్నాడు.

“అయ్యో దేవుడా! కాళ్లు చల్లబడినాయేమో!” దుప్పటి తీసి పాదాలు రుద్దబోయింది. ఆయన దుప్పటిని గట్టిగా పట్టుకున్నాడు.

“వద్దు చెన్నీ.”

“వదులు!” ఆమె ఒక్క గుంజు గుంజింది.

పుల్లన్న పంచె అంచు నిండా ఉత్తరేణి ముళ్లు.